ఏ తొక్క పచ్చడికి, ఏ తొక్క పాదుకు

బీరకాయ చెక్కు తీసినప్పుడు కత్తిపీట పక్కన రెండు రకాల పొట్టు పడుతుంది. మొదట రాలేవి కాయ పొడవునా పైకి లేచి ఉండే గట్టి అంచులు. ఆ తర్వాత వచ్చేది అంచుకూ అంచుకూ మధ్య ఉండే పలచని ఆకుపచ్చ పొర. కోస్తా జిల్లాల్లో చాలా ఇళ్లలో ఈ పొట్టు నూనెలో మగ్గి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, చింతపండుతో కలిసి పచ్చడి అవుతుంది, కాయ మాత్రం పప్పులోకో పాలు పోసిన కూరలోకో వెళ్తుంది. ఇంకొక ఇంట్లో అదే కాయకు అదే పొట్టు తీసి, క్షణం ఆలోచించకుండా చెత్తబుట్టలో వేస్తారు. ఒకరికి తిండి అయినది మరొకరికి చెత్త అయినప్పుడు, కూరగాయలో ‘పనికిరాని భాగం’ అన్న గీతను ప్రకృతి గీయలేదని, వంటిల్లే గీసుకున్నదని ఒప్పుకోవాలి. అయితే ఇక్కడి నుంచి ఒక్క అడుగు ముందుకు వేసి, తొక్క, గింజ, కాడ, ఆకు అన్నీ తినదగినవే, పారేయడమంతా బద్ధకమే అని తేల్చేసే సలహాలు ఈమధ్య ఎక్కువయ్యాయి. అది మొదటి పొరపాటు కన్నా ప్రమాదకరమైనది. బీరపొట్టు తినదగినది కావడానికి కారణాలున్నాయి, పచ్చబడిన బంగాళాదుంప తొక్క తినకూడనిది కావడానికీ కారణాలున్నాయి. ఆ కారణాలను విడదీసి చూస్తే తప్ప ఏది వండాలో, ఏది మొక్క పాదులో వేయాలో తేలదు.

ముందుగా వృథా లెక్క. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 63 కోట్ల టన్నులు ఇళ్ల నుంచే వచ్చింది. భారతదేశంలో ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోలన్నది ఆ నివేదిక అంచనా. ఈ అంకెను చూపి గృహిణులను మందలించే ముందు, అందులో తినదగిన భాగాలతో పాటు ఎముకలు, టెంకలు, తొక్కల వంటి తినదగని భాగాలు కూడా కలిసే ఉన్నాయని గుర్తుంచుకోవాలి. పాడైపోయిన అన్నం, కోడిగుడ్డు పెంకు, పనసకాయ పైచెక్కు అన్నీ ఒకే తూకంలో పడ్డాయి. వాటిలో ఏది తినదగినదో దేశాన్ని బట్టి, ఇంటిని బట్టి మారుతుంది కాబట్టే విడదీయడం కష్టం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను తిరగేస్తే మన దేశపు గీత ఎక్కడుందో కొంత తెలుస్తుంది: ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, కాలీఫ్లవర్ ఆకు, గుమ్మడి ఆకు, అరటి పువ్వు, అరటి దూట వంటివి అక్కడ విడివిడి ఆహారాలుగా లెక్కకెక్కాయి.

పల్లెటూళ్లలో తొక్కలన్నీ మనుషులే తినేవారన్న ఊహ కూడా సరికాదు. వంటింట్లో తరిగిన పొట్టు, బియ్యం కడిగిన నీళ్లు, తవుడు కలిసి కుడితి తొట్టిలోకి వెళ్లేవి. పాడి గేదెకు వాటి మీద మనకన్నా గట్టి హక్కు ఉండేది. పొట్టు ఇంట్లోంచి బయటకు పోయినా పాల రూపంలో తిరిగి వచ్చేది కాబట్టి దాన్ని వృథా అనే అవసరం రాలేదు. అపార్ట్‌మెంటు వంటింట్లో ఆ తొట్టి లేదు, గేదె లేదు. అదే పొట్టు ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించుకుని చెత్త బండి ఎక్కి, హైదరాబాద్ అయితే జవహర్‌నగర్ గుట్టల దాకా ప్రయాణిస్తుంది. గుట్టల అడుగున గాలి తగలకుండా కుళ్లినప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. అదే పొట్టు గాలి ఆడే చోట మట్టితో కలిసి కుళ్లితే ఎరువవుతుంది. కాబట్టి నేటి సమస్యకు మూలం తరిగే చేతిలో కన్నా, తరిగిన పొట్టును అందుకునే రెండో నోరు ఇంట్లో లేకపోవడంలో ఎక్కువగా ఉంది. దానికి తోడు, ముల్లంగిని ఆకు తుంచి, కాలీఫ్లవర్‌ను మట్టలు చెక్కి అమ్మే దుకాణాల వల్ల కొన్ని తినదగిన భాగాలు మన గుమ్మం దాకా రానే రావు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వద్దాం. మొక్కకు తొక్క ఒక రక్షణ కవచం. పురుగు, బూజు, పశువు మొదట తాకేది దాన్నే. అందువల్ల చేదు, దురద, విషం పుట్టించే పదార్థాలను చాలా మొక్కలు తొక్కలో, మొలకలో, గింజలో ఎక్కువగా దాచుకుంటాయి. వంటింటి దృష్టితో చూస్తే ఈ పదార్థాలను మూడు జాతులుగా చెప్పుకోవచ్చు: వేడికి విరిగిపోయేవి, నీటిలోకి దిగిపోయేవి, ఈ రెండింటికీ లొంగనివి. పాత వంటల్లో నానబెట్టడం, ఉడికించి వార్చడం, పులుపు చేర్చడం అనే పనులు మొదటి రెండు జాతుల కోసం పుట్టాయి. మూడో జాతి ఎదురైనప్పుడు పాత వంట కూడా చేసేదేమీ లేక పారేయమనే చెప్పింది.

వేడికి లొంగేదానికి మంచి ఉదాహరణ పనస గింజ. మాంసకృత్తులు అరగకుండా అడ్డుపడే పదార్థాలు పచ్చి గింజలో ఉంటాయి, బాగా ఉడికించినా కాల్చినా వాటి శక్తి పోతుంది. అందుకే పనస గింజను పచ్చిగా నమలడం ఎక్కడా కనబడదు. నిప్పుల్లో కాల్చుకోవడం, ఉడికించి పైపొర తీసి కూరలో వేయడం కనబడుతుంది.

చామ, కంద దగ్గర వ్యవహారం ఇంకొంచెం జటిలం. ఈ దుంపల్లోను, చామ ఆకుల్లోను కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. కంద తరిగితే చేతులు, సరిగా ఉడకని చామాకు తింటే గొంతు దురద పెట్టడానికి కారణం ఆ సూదులే. బాగా ఉడికించడం, చింతపండు పులుసు చేర్చడం మన వాళ్లు పట్టిన దారి. గోదావరి జిల్లాల పెళ్లి వంటల్లో కంద బచ్చలి కూరకు పులుపు, ఆవ తప్పనిసరి కావడంలో రుచితో పాటు ఈ సంగతి కూడా ఉంది. బీట్‌రూట్ ఆకులోను, పాలకూర, తోటకూరల్లోను ఉండే ఆక్సలేట్‌లో మాత్రం ఎక్కువ పాలు నీటిలో కరిగే రకం. అది దురద పెట్టదు కాబట్టి నాలుక పసిగట్టలేదు, మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవారికి మాత్రం ఇబ్బంది తెస్తుంది. అటువంటివారు బీట్‌రూట్ ఆకును ఉడికించి ఆ నీరు వార్చేయడం మంచిది. ఆరోగ్యవంతులకు ఈ భయం అవసరం లేదు. ముల్లంగి, కాలీఫ్లవర్ ఆకులు ఆవ కుటుంబానివి, వాటిలో ఆక్సలేట్ తక్కువ. అందువల్ల ‘పారేసే ఆకు’ అన్న ఒకే పేరు కింద బీట్‌రూట్ ఆకునూ ముల్లంగి ఆకునూ కలిపి మాట్లాడటం శాస్త్రీయం కాదు.

మూడో జాతిలో మన ఇళ్లకు దగ్గరగా ఉన్నది దోస, బీర, సొర కుటుంబపు చేదు. దోసకాయ తరిగేటప్పుడు చిన్న ముక్క కొరికి చేదు చూడటం తెలుగిళ్లలో పిల్లలకు కూడా తెలిసిన పని. ఆ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్లు అనే పదార్థాలు ఈ కుటుంబపు అడవి జాతుల్లో దండిగా ఉంటాయి. మనం పండించే రకాలు తరతరాల ఎంపిక వల్ల చేదు కోల్పోయాయి. అయినా విత్తనం అడవి జాతితో సంకరమైనా, మొక్క నీటి ఎద్దడికి గురైనా అప్పుడప్పుడు చేదు తిరిగి తలెత్తుతుంది. వండినా అది పోదు. చేదు సొరకాయ రసం తాగి 2010లో ఢిల్లీలో ఒకరు మరణించిన తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘాన్ని వేసింది. సొరకాయ రసం చేదుగా ఉంటే తాగకుండా పారబోయాలని, తాగిన తర్వాత వాంతులు, కడుపునొప్పి వంటివి కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఆ సంఘం సూచించింది. బీరపొట్టు, సొరతొక్క పచ్చడి చేసేవారికి దీని నుంచి తేలే నియమం ఒక్కటే: తొక్క వేయించడానికి ముందు కాయ ముక్కనూ తొక్క ముక్కనూ విడిగా నాలుకకు తగిలించి చూడాలి, చేదుంటే కాయతో సహా పారేయాలి. కారం, పులుపు, ఇంగువ గట్టిగా పడే పచ్చడిలో చేదు మరుగున పడిపోతుంది కాబట్టి ఈ పరీక్ష నూరిన తర్వాత చేసి ప్రయోజనం లేదు. కాకరకాయ చేదు దీనితో కలపవలసినది కాదు. అది ఆ కాయకు సహజగుణం, ఉండకూడని చోట వచ్చిన చేదు వేరు.

బంగాళాదుంప సంగతి కూడా ఇటువంటిదే. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో, మొలకల్లో, మొలక పుట్టే కన్ను చుట్టూ సొలనిన్, దాని తోబుట్టువైన చాకొనిన్ అనే విషపదార్థాలు పెరుగుతాయి. పచ్చరంగు స్వయంగా హాని చేయదు, అది పత్రహరితం మాత్రమే. లోపల జరుగుతున్న దానికి మాత్రం అది గుర్తు. ఈ పదార్థాలు ఉడికించినా పోవు. అవి ఎక్కువగా తొక్కలో, తొక్క కిందే ఉంటాయి కాబట్టి లోతుగా చెక్కు తీస్తే దుంపను కొంతవరకు దక్కించుకోవచ్చు, బాగా పచ్చబడితే పారేయాల్సిందే. తొక్కతో కరకరలాడే వేపుళ్లు చేయమని చెప్పే సలహాలు చాలా వరకు ఈ షరతును ప్రస్తావించవు. మచ్చలేని, పచ్చబడని దుంప తొక్కతో తప్పేమీ లేదు. కర్రపెండలం తొక్కకు మాత్రం ఏ షరతూ లేదు, అది తినకూడదు. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాల సగ్గుబియ్యం మిల్లులకు వెళ్లే ఈ దుంపలో నమిలినా తరిగినా సయనైడ్‌ను విడుదల చేసే పదార్థం ఉంటుంది. అది గుజ్జులో కన్నా తొక్కలో ఎక్కువ. తొక్క పూర్తిగా చెక్కి, దుంపను ఉడికించి నీరు వార్చి తినడమే పద్ధతి.

సహజ విషాల తర్వాత మనిషి చల్లిన విషాల మాట. పైపైన అంటుకునే పురుగుమందుల అవశేషాలు తొక్క మీద, బయటి ఆకుల మీద ఎక్కువగా ఉంటాయి. ధారగా పోసిన నీటి కింద చేత్తో రుద్ది కడిగితే కొంత పోతాయి. మొక్క లోపలికి ఇంకే రకాలు గుజ్జులోనూ ఉంటాయి, వాటి విషయంలో తొక్క తీసినా పెద్ద తేడా ఉండదు. పసుపు, ఉప్పు, చింతపండు కలిపిన నీళ్లలో నానబెట్టడం మట్టిని, పురుగులను వదిలిస్తుంది, కొన్ని మందులను తగ్గిస్తుంది, అన్నింటినీ కడిగేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. మోనోక్రోటోఫాస్ వంటి మందును కూరగాయల మీద వాడటాన్ని 2005లోనే నిషేధించినా, మందు కొట్టిన తర్వాత కోతకు ముందు ఆగవలసిన రోజులు ఆగారో లేదో కొనేవారికి తెలిసే మార్గం లేదు. రైతు బజారులో కొన్నంత మాత్రాన మందు పడలేదని అర్థం కాదు. 1999లో ఆ బజార్లు పుట్టింది దళారీ లేకుండా అమ్ముకోవడానికి. నా అభిప్రాయంలో తొక్కతో వండాలనుకునేవారు తమ పెరటి పాదుకో, మిద్దె తోటకో, పద్ధతి తెలిసిన రైతుకో మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. బజారు కాలీఫ్లవర్ అయితే మందు నేరుగా పడే బయటి మట్టలు వదిలి, పువ్వును అంటిపెట్టుకుని ఉన్న లేత ఆకులు, కాడ మాత్రం తీసుకోవాలి. కాడ పైపీచు చెక్కేస్తే లోపలి భాగం పువ్వుకన్నా తియ్యగా ఉంటుంది.

పోషకాల పేరుతో జరిగే ప్రచారంలో కూడా కొంత గజిబిజి ఉంది. ‘బలమంతా తొక్కలోనే’ అన్న మాట పీచుపదార్థం వరకు చాలా కాయలకు నిజం, మిగతా వాటికి అంత నిజం కాదు. బంగాళాదుంపలో తొక్క బరువు చాలా స్వల్పం. విటమిన్ సి, పొటాషియంలలో అధిక భాగం గుజ్జులోనే ఉంటుంది. ఆకుల విషయం వేరు. ముల్లంగి దుంప చాలావరకు నీరు, దాని ఆకులో కెరోటిన్, కాల్షియం, ఇనుము దుంపకన్నా ఎంతో ఎక్కువ. కాబట్టి పోషణ కోసమే అయితే తొక్కల వెంట పడటం కన్నా, దుంపకూరల ఆకులను నిలబెట్టుకోవడం తెలివైన పని. ముల్లంగి ఆకుతో పెసరపప్పు వండినా, వేయించి పచ్చడి నూరినా దాని ఘాటు కారానికి బాగా కలుస్తుంది. ఆకు కొన్న రోజే వండాలి, దుంపకు ఉన్న నిల్వశక్తి దానికి లేదు.

విషం లేదని తేలినంత మాత్రాన నోటికి ఎక్కదు. పారేసే భాగాలకు రెండో అడ్డంకి పీచు. మొక్క ముదిరే కొద్దీ కాడల్లో లిగ్నిన్ పేరుకుంటుంది, అది ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. దాన్ని తొలగించాలి, లేదా నూరి విరగగొట్టాలి. అరటి దూట తరిగే విధానంలో మొదటి ఉపాయం కనిపిస్తుంది. గెల కోసిన తర్వాత ఆ అరటి చెట్టు మళ్లీ కాయదు. దాని పొరలన్నీ ఒలిస్తే మధ్యలో తెల్లగా, చల్లగా, మణికట్టంత లావున దూట మిగులుతుంది. దాన్ని పలచని చక్రాలుగా కోస్తుంటే ముక్కకూ ముక్కకూ మధ్య సాలెగూడు దారంలాంటి పీచు సాగుతుంది. ప్రతి కోతకూ ఆ దారాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ పోతే, తరగడం ముగిసేసరికి వేలి మీద దూది ఉండంత పీచు చేరుతుంది. ముక్కలు గాలికి నల్లబడకుండా వెంటనే పలచని మజ్జిగలో వేస్తారు. మజ్జిగ పులుపు ఆ నల్లబాటును నెమ్మదింపజేస్తుంది. ఉడికించి పోపు పెట్టి, పొయ్యి దించిన తర్వాత నూరిన ఆవ కలపాలి. మంట మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు పోయి చేదెక్కుతుంది. అరటి పువ్వుకూ మజ్జిగే, ఆవే; అయితే ప్రతి చిన్న పువ్వులోంచి గట్టి కేసరాన్ని, దాని పక్కన ఉండే గాజులాంటి రెక్కను తీసేయడానికి ఓపిక కావాలి. ఈ వంటలు అరుదైపోవడానికి రుచి మారడం కారణం కాదు, ఈ పని చేసే రెండో మనిషి వంటింట్లో లేకపోవడమే కారణమని నేననుకుంటాను.

నూరడం రెండో ఉపాయం. పచ్చడి తెలుగు వంటలో పొట్టుకు సరిగ్గా అమరిన రూపం కావడం యాదృచ్ఛికం కాదు. బీరపొట్టును నూనెలో నీరు ఇగిరేదాకా వేయిస్తే పచ్చి గడ్డి వాసన పోయి, అంచులు కాస్త ఎర్రబడి వేపుడు రుచి వస్తుంది. తొందరపడి నీరుండగానే దించితే పచ్చడి జారుగా ఉండి ఆ వాసన మిగిలిపోతుంది. వేయించిన పప్పు పచ్చడికి చిక్కదనం ఇస్తుంది, చింతపండు పొట్టు చప్పదనాన్ని కప్పుతుంది, నువ్వులు వేసేవారు ఆ కమ్మదనం కోసం వేస్తారు. పొట్టు బరకగా ఉండాలి. మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే ముద్దగా మారి పీచంతా ఒకే జిగురుగా నోటికి తగులుతుంది. అరటికాయ తొక్కను మాత్రం ముందు ఉడికించి వగరు తగ్గించి, ఆ తర్వాతే వేయించాలి.

తోటకూర కాడల పులుసులో ఇంకో సూక్ష్మం ఉంది. కాడలు మెత్తబడాలంటే వాటి కణాల గోడలను అంటించి ఉంచే పెక్టిన్ కరగాలి, పులుపు ఆ కరగడాన్ని ఆలస్యం చేస్తుంది. ‘చింతపండు ముందే పోస్తే కాడ ఉడకదు’ అని పెద్దవాళ్లు చెప్పేది దీన్నే. కాడలు నీళ్లలో పూర్తిగా ఉడికాకే పులుసు పోయాలి. పుచ్చకాయ తెల్లభాగానికి ఇంత ఆర్భాటం అక్కర్లేదు. పై ఆకుపచ్చ చెక్కు తీసేస్తే మిగిలేది సొర కుటుంబపు చప్పని ముక్కే కనుక వేసవిలో పెసరపప్పుతోనో, పులుసులోనో సొరకాయకు బదులుగా వాడుకోవచ్చు.

ఇంతవరకు చెప్పినదంతా కూర ఉన్నవాళ్లు తొక్క తినే సంగతి. తినడానికి మరేదీ లేనివాళ్లు పారేసే భాగం తినే సంగతి ఇంకొకటుంది, దాన్ని ఫ్యాషన్‌గా మాట్లాడటం తగదు. తూర్పు కనుమల్లో ఆదివాసులు మామిడి టెంకలను ఎండబెట్టి, లోపలి జీడిని పొడి చేసి, పారే నీటిలో వగరు పోయేదాకా ఉంచి అంబలి కాచుకుంటారు. జీడిలో వగరుకు కారణమైన టానిన్లను నీటిలోకి దించే ఈ పద్ధతి వెనుక ఎంతో అనుభవం ఉంది. కానీ వర్షాకాలంలో టెంకలు చెమ్మ పట్టి బూజెక్కితే ఏ కడుగుడూ కాపాడదు. ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో 2001లో మామిడి జీడి గంజి తిన్న ఆదివాసులు మరణించినప్పుడు, అది ఆకలి చావా, పాడైన ఆహారం వల్ల చావా అన్న వాదం చాలాకాలం నడిచింది. నా మటుకు ఆ రెండూ వేరు ప్రశ్నలుగా కనిపించవు: బూజెక్కిన జీడిని వదిలేయగల వీలు ఇంట్లో వేరే గింజ ఉన్నవాడికే ఉంటుంది.

తెలగపిండి గురించి చెప్పకపోతే ఈ విషయం అసంపూర్ణమవుతుంది, కూరగాయ కాకపోయినా అది కూడా మిగులే. నువ్వుల నుంచి నూనె తీయగా మిగిలిన చెక్కను మునగాకుతో కలిపి వండి బాలింతలకు పెట్టడం కోస్తాలో ఉన్న ఆచారం. ఆ వంట పుట్టినప్పుడు చెక్క గానుగ నుంచి వచ్చేది, అందులో కొంత నూనె మిగిలి ఉండేది. ఇప్పుడు చెక్క మూడు దారుల్లో వస్తుంది: ఎద్దు గానుగ లేదా మోటారు గానుగ, ఇనుప మరలతో పిండే మిల్లు, హెక్సేన్ వంటి ద్రావణితో నూనెను చివరి చుక్క దాకా లాగే కర్మాగారం. మూడో దారిన వచ్చి పశువుల దాణాగా అమ్ముడయ్యే చెక్కను మనుషుల వంటకు వాడకూడదు. రెండో రకం కొన్నా, పశువుల కోసం గోనె సంచుల్లో నెలల తరబడి నిల్వ ఉంచినదైతే బూజు భయం ఉంటుంది. కొనేటప్పుడు అది తినడానికి ఆడించినదేనా, ఏ గానుగలో, ఎప్పుడు ఆడించినది అని దుకాణంలో అడిగి, వాసన చూసి, చిటికెడు నోట్లో వేసుకుని ముక్కిపోయిన వాసన లేదని తేలాకే మునగాకు కోయడానికి వెళ్లాలి.